అల్లుడికి, గేటు గొళ్ళెం గురించి

ఒరే అల్లుడూ, నిన్న రాత్రి నువ్వు ఫోన్లో అన్న మాటకి నాకు నిద్ర పట్టలేదురా. ఆఫీసు అయిపోయినా ఇంటికెళ్ళబుద్ధి కాక పెద్దచెరువు గట్టు మీద బండి ఆపుకుని గంట కూర్చుంటన్నావట, ఇంటికెళ్తే ఓ పక్క అమ్మ, అదే నా చెల్లెలి మొహం, ఇంకో పక్క మీ ఆవిడ మొహం, మనశ్శాంతి లేదు మావయ్యా అన్నావు. ఫోన్లో నాకు సరిగ్గా చెప్పడం రాదు, అందుకే కూర్చుని టైప్ చేస్తన్నాను, తప్పులుంటే సర్దుకో.

ముందు నా సంగతి విను. 30 ఏళ్ళు బస్సు కండక్టర్ని నేను, పలాస, టెక్కలి, ఇచ్ఛాపురం ఇవే రూట్లు. పొద్దున్నించి చిల్లర గొడవలు, ఫుట్‌బోర్డు మీద వేలాడే కాలేజీ కుర్రాళ్ళు, ఇంటికొచ్చేసరికి తల పగిలిపోయేది, ఎవరు కాస్త గట్టిగా మాట్లాడినా విరుచుకుపడేవోణ్ణి. కొన్నాళ్ళకి ఎలాగయిందంటే నేను గేటు తీస్తే చాలు టీవీ ఆగిపోయేది, పిల్లలు పుస్తకాలు పట్టుకునేవోళ్ళు, మీ అత్త గిన్నె దించినా చప్పుడుండేది కాదు. నేనేటనుకున్నానో తెలుసా, పక్కింటోళ్ళలాగ కాదు, మా ఇల్లు గుడిలాగుంది అని మురిసిపోయేవోణ్ణి. సిగ్గులేకుండా డిపోలో గొప్పలు కూడా చెప్పుకున్నాను.

2018 అక్టోబర్ 11 తెల్లారగట్ల తిత్లీ తుఫాను వచ్చింది కదా, మా ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస అన్నీ నేలకొరిగిపోయాయి, మా ఇంటి రేకులు లేచిపోయాయి, గేటు కూడా పోయింది. కరెంటు రోజుల తరబడి లేదు. పిల్లలు వాటర్ క్యాన్లు, కొవ్వొత్తులు పట్టుకుని వచ్చారు. తడవని గది ఒక్కటే, అందరం అందులోనే. ఒక రాత్రి మీ వదిన, నాన్న గేటు తీస్తే మనమేటి చేసేవోళ్ళమో చూపిస్తాను అని లేచింది. నోటితో గొళ్ళెం టక్ మని చప్పుడు చేసింది, అంతే, నా కొడుకు గబుక్కున ఏదో కాగితం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు, మీ అత్త ఊపిరి బిగబట్టి గిన్నె దించినట్టు చేసింది. అందరూ పడీ పడీ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత అటు తిరిగి పడుకున్నాను గానీ తెల్లవార్లూ మెలకువే. నేను శాంతి అనుకున్నది వాళ్ళ భయంరా.

అందుకని ఇంట్లో గొడవ వినిపించకూడదు అని మాత్రం కోరుకోకు. పైడితల్లమ్మ సిరిమాను జాతరకి మీ ఇంటికి 20 మంది దిగుతారు, అరుపులు, పిల్లల ఏడుపులు, బాత్రూమ్ దగ్గర క్యూ, అయినా ఆ రోజు నీకు ఇంట్లోంచి పారిపోవాలనిపించదు కదా?

చెరువు గట్టు మీద కూర్చోవడం తప్పు కాదు. చెప్పకుండా కూర్చోవడం తప్పు. పది నిమిషాలు కూర్చుని వస్తాను అని మీ ఆవిడకి ఫోన్ చెయ్యి. వచ్చాక కాళ్ళు కడుక్కో, మంచినీళ్ళు తాగు, కరెంటు బిల్లు కట్టారా, గ్యాస్ బుక్ చేశారా అని గుమ్మంలో మొదలెట్టకు. ఈఎంఐ మాటలు అన్నం కంచం దగ్గర వద్దు, ఆదివారం పొద్దున్న పెట్టుకో.

మీ అమ్మ నా చెల్లెలు, నాకు తెలీదా దాని నోరు. కానీ ఆలోచించు, నిన్నటిదాకా అరుగు మీద కూర్చుని వీధంతా కబుర్లు చెప్పినది, ఇప్పుడు మూడో అంతస్తులో తలుపేసుకుని కూర్చుంది. కూరలో ఉప్పు ఎక్కువైందని అది అన్నప్పుడు గొడవ ఉప్పు గురించి కాదు. మంగళవారం పైడితల్లమ్మ గుడికి తీసుకెళ్ళు, రైతుబజారు పని దానికి అప్పజెప్పు, బేరాలాడుకుని హాయిగా వస్తది. ఒకళ్ళ మాట ఇంకొకళ్ళకి మొయ్యకు, ఎవరిది తప్పో తీర్పు అసలు చెప్పకు, ఇద్దరి దగ్గరా చెడిపోతావు.

ఇంకోటి, ఇది నేను మరీ ఆలస్యంగా నేర్చుకున్నాను. నువ్వు హాయిగా ఉన్నావంటే ఎవరో దానికోసం నడుం విరగ్గొట్టుకున్నట్టే. మీ ఆవిడ అయిదింటికి లేచి వండి, స్కూల్లో పిల్లలకి పాఠాలు చెప్పి, మళ్ళీ వచ్చి వండుతంది. ఆమెకి కూడా ఒక చెరువు గట్టు ఉండాలి కదరా. ఆదివారం మధ్యాహ్నం గిన్నెలు నువ్వు తోము, పడుకోనీ. కన్నవారింటికి వెళ్తానంటే ఆటో ఎక్కకముందే ఎప్పుడొస్తావు అని అడగకు.

మా ఇంటికి కొత్త గేటు పెట్టించాం గానీ గొళ్ళెం పెట్టించలేదు, తాడుతో కట్టేస్తన్నాను. తాడు ఊడిపోయి ఆవులొచ్చి బెండ మొక్కలు తినేస్తన్నాయని మీ అత్త ఇప్పుడే నా మీద అరుస్తంది, వీధి చివరిదాకా వినబడేలాగ. వెళ్ళొస్తాను, ఉంటాను.