మా అబ్బాయి కమ్యూనిటీ కాలేజీ అంటున్నాడు, పంపమంటారా?

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా ఆయనది హెచ్1బి, నేనూ బాబూ ఆయన మీద ఆధారపడినవాళ్లకిచ్చే హెచ్4 వీసా మీద ఉన్నాం. బాబుకి ఈ మే నెలతో పన్నెండో తరగతి అయిపోతుంది. రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీలో బిజినెస్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ చదివి, ఆ తర్వాత యూనివర్సిటీకి మారతానంటున్నాడు. తెలిసినవాళ్ల పిల్లలంతా పెద్ద యూనివర్సిటీల్లో కంప్యూటర్ సైన్స్‌లో చేరుతుంటే మాకు టెన్షన్‌గా ఉంది. నలుగురిలో చెప్పుకోవడానికీ ఇబ్బందిగా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: పంపండమ్మా. కాకపోతే ఒక షరతు. కాలేజీలో పేరు నమోదు చేయించకముందే, రెండేళ్ల తర్వాత ఏ యూనివర్సిటీకి మారాలనుకుంటున్నాడో ఒకటి రెండు పేర్లు ఖాయం చేసుకోవాలి. అక్కడి డిగ్రీకి ఏయే కోర్సులు కావాలో చూసుకుని, ఇక్కడ అవే చదవాలి. ఈ పని ముందే చేసినవాళ్లకు రెండేళ్లూ కలిసొస్తాయి. చేయనివాళ్ల బాధ నేను దగ్గరగా చూశాను.

ఆ మధ్య ఒక అమ్మాయి తన ట్రాన్‌స్క్రిప్ట్, అంటే చదివిన కోర్సులు, గ్రేడుల పట్టిక, తెచ్చి నా బల్ల మీద పెట్టింది. అన్నీ ఏ గ్రేడులే. కానీ అందులో ఆరు కోర్సుల ముందు ఐటీఎస్‌డబ్ల్యూ, ఐటీఎస్‌ఈ లాంటి అక్షరాలున్నాయి. అవి చదువు అవగానే ఉద్యోగంలో చేరేవాళ్ల కోసం పెట్టిన కోర్సులు. మంచివే, పని నేర్పిస్తాయి. కానీ తను చేరాలనుకున్న బిజినెస్ డిగ్రీలో ఆ కోర్సుల పద్దెనిమిది క్రెడిట్లు (డిగ్రీకి కూడబెట్టాల్సిన పాయింట్లలాంటివి) లెక్కలోకి రాలేదు. తల దించుకుని ఆ కాగితాన్నే చూస్తూ కూర్చుంది. తప్పు ఆ అమ్మాయిది కాదు, మొదట్లో ఎవరూ చెప్పకపోవడమే.

అందుకే నంబర్లు చదవడం మీరూ నేర్చుకోండి. టెక్సాస్‌లో ప్రభుత్వ కాలేజీలు మొదటి రెండేళ్ల కోర్సులకు ఉమ్మడి నంబర్లు వాడతాయి. ఉదాహరణకు బీసీఐఎస్ 1305, అంటే బిజినెస్ కంప్యూటర్ అప్లికేషన్స్. అందులో మొదటి అంకె 1 అంటే మొదటి ఏడాది స్థాయి, రెండో అంకె 3 అంటే మూడు క్రెడిట్లు. మీవాడు ముఖ్యంగా చూసుకోవాల్సినవి ఇవీ: దీనితోపాటు అకౌంటింగ్ 2301, 2302, ఎకనామిక్స్ 2301, 2302, బిజినెస్ గణితం 1324, 1325. ప్రోగ్రామింగ్ మొదటి కోర్సు సీఓఎస్‌సీ 1436 కూడా వేయించండి. మిగతావి అందరూ చదవాల్సిన ఇంగ్లిష్, చరిత్ర, సైన్స్ లాంటి 42 క్రెడిట్ల కోర్ నుంచి వస్తాయి. వీటిలో కొన్ని ఆ కోర్‌లోనే కలిసిపోతాయి కూడా. డిగ్రీ పేరు కూడా చూసుకోవాలి. అసోసియేట్ ఆఫ్ అప్లయిడ్ సైన్స్ అని ఉంటే అది ప్రధానంగా ఉద్యోగం దారి. యూనివర్సిటీకి మారేవాళ్లకు అసోసియేట్ ఆఫ్ ఆర్ట్స్ లేదా అసోసియేట్ ఆఫ్ సైన్స్ కావాలి.

మీ దగ్గర్లో డెంటన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సాస్ ఈ చదువునే బిజినెస్ కంప్యూటర్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ అంటుంది. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్‌లో మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ అంటారు. పేరు ఏదైనా కోర్సుల పట్టికే చూడండి.

ఫీజు విషయంలో ఫ్రిస్కోవాళ్లకు ఒక మెలిక ఉంది. ఊరు కొంత కొలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. కొలిన్ కాలేజీలో అతి తక్కువ ఫీజు కొలిన్ కౌంటీవాళ్లకే. మీ ఇంటి పన్ను ఏ కౌంటీకి కడుతున్నారో, అద్దె ఇల్లయితే చిరునామా ఏ కౌంటీలోకి వస్తుందో ముందు చూసుకోండి.

ఇక చదువు సంగతి. ఇది తక్కువ రకం కంప్యూటర్ సైన్స్ అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఒక ఆసుపత్రి రెండు వందల పెట్టెల గ్లౌజులు ఆర్డర్ చేసిందనుకోండి. గోడౌన్‌కి నూట ఎనభై వచ్చాయి. సప్లయర్ మాత్రం రెండు వందలకూ బిల్లు పంపాడు. ఆర్డరు, సరుకు అందిన చీటీ, బిల్లు మూడూ సరిపోలితేనే డబ్బు కదలాలి. తేడా ఉన్న బిల్లుని సిస్టమ్ ఎక్కడ ఆపాలి, ఎవరికి కబురు పంపాలి, ఏ టేబుల్లోని అంకెను దేనితో పోల్చాలి? ఇది తేల్చాలంటే డేటాబేస్‌లో సమాచారం వెతికే భాష ఎస్‌క్యూఎల్ రావాలి, అకౌంటింగూ రావాలి, గోడౌన్‌లో సరుకు దింపించుకునే మనిషి చెప్పేది ఓపిగ్గా వినడమూ రావాలి. కంపెనీల కొనుగోళ్లు, లెక్కలు నడిపే ఎస్ఏపీ, ఒరాకిల్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో బిజినెస్ అనలిస్టులుగా ఉన్న మనవాళ్లను అడగండి, రోజూ చేసేది ఇదే. మీవాడికి ఇలాంటి చిక్కుముడి విప్పడం సరదాగా ఉంటే ఈ చదువు వాడిదే. అకౌంటింగ్ పేరు చెబితేనే మొహం ముడుచుకుంటే మాత్రం ఇప్పుడే మాట్లాడుకోండి.

మీరు అడగలేదు గానీ, నాకు అన్నిటికన్నా ఆందోళనగా ఉన్నది హెచ్4. 21 ఏళ్లు నిండితే అది పోతుంది. రెండేళ్లు ఇక్కడ చదివి యూనివర్సిటీకి మారేసరికి మీవాడు సరిగ్గా ఆ వయసు దగ్గర ఉంటాడు. విద్యార్థి వీసా ఎఫ్1కి మారే పని ఆ పుట్టినరోజుకి ఏడాది ముందే లాయర్‌తో మొదలుపెట్టండి. హెచ్4 మీద ఉన్నంత కాలం జీతం వచ్చే ఇంటర్న్‌షిప్ కూడా చేయకూడదు. ఫెడరల్ ఆర్థిక సాయమూ రాదు. టెక్సాస్‌లో నివాస షరతులు తీరితే హెచ్4 పిల్లలకూ స్థానికుల ఫీజు వర్తించే వీలుంది. వీసా మారాక అదే ఫీజు ఉంటుందో లేదో యూనివర్సిటీ రెసిడెన్సీ ఆఫీసులో ముందే కనుక్కోండి. ఎఫ్1కి మారేందుకు యూనివర్సిటీ ఇచ్చే ఐ20 పత్రం మీద సీఐపీ కోడ్, అంటే ఆ చదువు ఏ రకమో చెప్పే నంబరు, ఉంటుంది. అది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో ఉంటే చదువయ్యాక పని చేయడానికిచ్చే ఓపీటీ అనుమతికి మరో 24 నెలలు కలిసే వీలుంటుంది. 52తో మొదలయ్యే బిజినెస్ కోడ్లలో కొన్ని మాత్రమే ఆ జాబితాలో ఉన్నాయి. కాబట్టి యూనివర్సిటీ ఖాయం చేసేటప్పుడే ఆ డిగ్రీ కోడ్ అడగండి.

నలుగురి సంగతంటారా? చివరికి చేతికొచ్చేది యూనివర్సిటీ డిగ్రీయే. అప్పు లేకుండా మొదటి రెండేళ్లు దాటిన పిల్లాడి గురించి మీరు తల ఎత్తుకునే చెప్పుకోవచ్చు.

ఈ నెలలోనే కాలేజీలో ట్రాన్స్‌ఫర్ అడ్వైజర్ అపాయింట్‌మెంట్ తీసుకోండి. యూనివర్సిటీ కోర్సుల పట్టిక ప్రింట్ తీసి వాడి చేతికివ్వండి. మీరూ వెళ్లండి, మాట మాత్రం వాడినే మాట్లాడనివ్వండి. కాలేజీలో చేరాక వాడి అనుమతి లేకుండా గ్రేడులు మీకు చెప్పరు. వాడికి ఇష్టమైతే ఆ అనుమతి పత్రం మీద కూడా అదే రోజు సంతకం పెట్టించండి.