ముల్లంగి పువ్వు గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

పువ్వు తన సొంత పుప్పొడిని ఎలా తిప్పికొడుతుందో రాసిన నీ వ్యాసం చదివాను. మొదటి పేరా తీసెయ్. 2004లో యుబిక్విటిన్‌కి (పోగొట్టాల్సిన ప్రొటీన్‌కి కణం తగిలించే గుర్తు) నోబెల్, 2016లో జపాన్ శాస్త్రవేత్త ఒసుమికి ఆటోఫజీ (కణం తన సరుకుని తానే అరిగించుకోవడం) మీద నోబెల్, ఇవన్నీ నిజమే, కానీ పువ్వు ఇంకా రాకముందే స్టాక్‌హోమ్ ఎందుకు?

నీ కథ నీళ్ళ దగ్గర మొదలవ్వాలి. ఆవాల కుటుంబంలో కీలాగ్రం, అంటే పువ్వులో పుప్పొడి వాలే కొస, పొడిగా ఉంటుంది, దాని మీద వాలిన పుప్పొడికి కీలాగ్రం కణమే నీళ్ళివ్వాలి, అందుకోసం లోపల చిన్న చిన్న సంచులు అంచు పొర దాకా వెళ్ళి తెరుచుకోవాలి. వాలింది సొంత పుప్పొడైతే దాని మీది ఎస్‌సీఆర్ ప్రొటీన్ కీలాగ్రం మీది ఎస్‌ఆర్‌కే అనే గ్రాహక ప్రొటీన్‌కి అతుక్కుంటుంది, దాంతో ఏఆర్‌సీ1 అనే ఎంజైమ్ లేచి, సంచుల్ని పొరకి చేర్చే ఎక్సో70ఏ1 ప్రొటీన్‌కి యుబిక్విటిన్ తగిలిస్తుంది, ప్రోటియజోమ్ అనే కణంలోని కోత యంత్రం దాన్ని ముక్కలు చేస్తుంది. ఇంకోపక్క ఆటోఫజీ కణంలోని సరుకుని చుట్టి రిక్తికలోకి, అంటే కణంలోని పెద్ద సంచిలోకి, తోసేస్తుంది. రెండూ రీసైక్లింగే, కానీ వేరు వేరు దారులు. నువ్వు ఒకే వాక్యంలో కలిపేశావు. సంచులు అంచుకి చేరకపోతే నీళ్ళందక పుప్పొడి అలాగే ఎండి ఉండిపోతుంది. ఇది నెమ్మదిగా రాయి, కావాలంటే పేజీ తీసుకో.

పోపు ఆవాల ఉదాహరణ మాత్రం వద్దు, మన ఆవ మొక్క ఎక్కువగా తన పుప్పొడితోనే గింజ కడుతుంది. ముల్లంగి పెట్టు. బెంగళూరులో ముల్లంగి సాంబారు తెలియనివాళ్ళెవరు?

సగోత్రం పోలిక ఉంచు, నువ్వనుకున్నదానికన్నా బాగా కుదిరింది: మొక్క చూసేది 'నేనా, కాదా' అని కాదు, ఎస్ రకం (ఆ ఎస్‌సీఆర్, ఎస్‌ఆర్‌కే జన్యువుల జత) ఒకటేనా అని, అందుకే పక్క మొక్కదైనా అదే రకమైతే తిప్పికొడుతుంది. 'మొక్కకి సిగ్గు' అన్న ముక్క కొట్టెయ్.

ఆటోఫజీ జన్యువులు పాడుచేస్తే తిరస్కరణ బలహీనపడిందని రాశావు, ఏ మొక్కలోనో రాయలేదు. అది అరబిడాప్సిస్ థాలియానా అనే ప్రయోగాల మొక్క, మామూలుగా తనతో తనే ఫలదీకరణ చేసుకునేది, దానికి ఈ తిరస్కరణ జన్యువులు బయటి నుంచి పెట్టి చూశారు. అన్ని మొక్కలకీ అంటగట్టకు.

పెట్యూనియాని ఎందుకు వదిలేశావు? అక్కడ లెక్క తిరగబడుతుంది. కీలంలోని (కీలాగ్రం కింది కాడలోని) ఎస్-ఆర్ఎన్ఏజ్ అనే విషపు ఎంజైమ్ ఏ పుప్పొడి నాళంలోకైనా, అంటే పుప్పొడి మొలిచి పంపే గొట్టంలోకైనా, దూరుతుంది. పరాయి నాళం దానికి యుబిక్విటిన్ తగిలించి వదిలించుకుని బతుకుతుంది, సొంతది ఆ పని చేయలేక ఆగిపోతుంది. అంటే ఇక్కడ యుబిక్విటిన్ చెత్తబండి పరాయివాళ్ళకి దారి ఇస్తోంది! ఆ పేరా రాసి ముందు నాకు పంపు, మిగతాది తర్వాత చూద్దాం.