ఆవలిస్తే చెవి ముందు టక్‌మంటోంది, పళ్ళు సరిగా కలవకపోవడం వల్లేనా?

ఆవలిస్తే కుడి చెవి ముందు టక్‌మని శబ్దం, పొద్దున లేవగానే దవడ పట్టేయడం, ఈఎన్‌టీ డాక్టరేమో చెవి బాగానే ఉందనడం. మీరు రాసినవన్నీ నేనూ పడ్డాను. పళ్ళు ఎగుడుదిగుడుగా కలవడం ఇందుకు కారణం కావచ్చా అంటే, కావచ్చు. అదొక్కటే కారణమని మాత్రం అనుకోకండి.

నాకు కింది కుడి దవడ పన్నుకు రూట్ కెనాల్ చేసి క్యాప్ పెట్టారు. మత్తు దిగకముందే నోరు మూసి చూడమంటే బాగుందనే చెప్పాను. రాత్రి అన్నం తింటుంటే తెలిసింది, మిగతా పళ్ళకంటే ముందు ఆ క్యాపే తగులుతోందని. ఫోన్ చేస్తే అలవాటైపోతుందన్నారు, ఊరుకున్నాను. అది తగలకుండా దవడను కాస్త ఎడమకి జరిపి మూయడం, అంతా ఎడమవైపే నమలడం నాకు తెలియకుండానే మొదలైంది. రెండు నెలలకి కణతల నొప్పి, ఆ తర్వాత ఈ టక్ శబ్దం. జొన్నరొట్టె ముట్టుకోవాలంటేనే భయమేసేది.

ఇంకో డెంటిస్టు చెవుల ముందు వేళ్ళు పెట్టి నోరు తెరిపించి చూశారు. మామూలుగా మన మూడు వేళ్ళు నిలువుగా పట్టాలట, నాకు రెండే పట్టాయి. దవడ కీలులో రెండు ఎముకల మధ్య మెత్తటి డిస్క్ ఒకటి ఉంటుంది. అది ముందుకి జారితే, నోరు తెరిచినప్పుడు ఎముక మళ్ళీ దాని మీదికి ఎక్కుతుంది. ఆ శబ్దం అదే. దవడని రోజంతా పక్కకి లాగి పట్టుకునే కండరాలు అలిసి నొప్పెడతాయి, కీలు మీదా భారం పడుతుంది.

పళ్ళు ఎక్కడ గట్టిగా తగులుతున్నాయో రంగు అంటించి చూపే నీలం కాగితం కొరికిస్తే క్యాప్ మీద ముదురు మచ్చ పడింది. దాన్ని మాత్రమే కొద్దికొద్దిగా అరగదీశారు, నా సొంత పళ్ళ జోలికి పోలేదు. అయితే నిద్రలో పళ్ళు బిగబట్టే అలవాటు కూడా ఉందని అప్పుడే బయటపడింది. ఆఫీసులో నెలాఖరు లెక్కల టెన్షన్ ఉన్న రోజుల్లో నొప్పి ఎక్కువయ్యేది. అందుకని కొలత తీసి నైట్ గార్డ్, అంటే రాత్రి పడుకునేటప్పుడు పళ్ళకి పెట్టుకునే తొడుగు, చేయించారు. కొన్నాళ్ళు మెత్తటి తిండి, రోజుకి రెండుసార్లు వేడి కాపడం. ఊరికే ఉన్నప్పుడు పెదవులు కలిసే ఉన్నా పళ్ళు తగలకూడదన్నారు, ఈ ఒక్క మాట నాకు అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది. నెలన్నరలో నొప్పి తగ్గింది. శబ్దం ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది. నొప్పి లేకపోతే దానికి వైద్యం అక్కర్లేదన్నారు.

వంకర పళ్ళున్నా దవడ నొప్పి ఎరగనివాళ్ళు బోలెడంతమంది. అందుకే ఈ నొప్పికి మొదటి వైద్యంగా మంచి పళ్ళు అరగదీస్తామన్నా, క్లిప్పులు వేస్తామన్నా వెంటనే ఒప్పుకోకండి. అరగదీసిన పన్ను మళ్ళీ పెరగదు. ముందు గుర్తు చేసుకోండి: ఈ మధ్య ఫిల్లింగో క్యాపో పెట్టించుకున్నారా? తీయించుకున్న పన్ను చోటు ఖాళీగా వదిలేశారా? అలా వదిలేస్తే పక్కపళ్ళు ఆ సందులోకి ఒరుగుతాయి, ఎదురు పన్ను కిందికో పైకో జరుగుతుంది. ఇలాంటిదేమైనా ఉంటే డెంటిస్టుకి ముందే చెప్పండి.

నోరు తెరుచుకోకుండా బిగుసుకుపోయినా, తెరిచింది మూతపడకపోయినా, వాపూ జ్వరమూ ఉన్నా ఆ రోజే చూపించుకోండి. దవడ నొప్పితోపాటు ఛాతీలో బరువు, ఆయాసం ఉంటే డెంటిస్టు దగ్గరికి కాదు, నేరుగా ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళండి.