బడి మాన్పించి పని నేర్పిద్దామా?

ప్రశ్న: మా అబ్బాయికి 15 ఏళ్లు. పుస్తకం ముందు అరగంట కూర్చోడు. పాడైన ప్రింటర్ చేతికిస్తే మాత్రం రాత్రి రెండింటిదాకా విప్పుతూనే ఉంటాడు. బడి మాన్పించి పని నేర్పే మంచి మెంటార్ దగ్గర పెడదామనుకుంటున్నాను. ఏది మేలో పోల్చి చెప్పండి. – ఓ తండ్రి

జవాబు: మీరు నిర్ణయం తీసేసుకుని, నా చేత ఊ అనిపించుకుందామని రాసినట్టుంది. ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. పైకి బడి గురించి అడుగుతారు, లోపల 'వీడెందుకూ పనికిరాకుండా పోతాడేమో' అన్న టెన్షన్. ముందు దానికి చెబుతాను: పోడు. పాడైన వస్తువు ముందు అంతసేపు కూర్చునేవాడికి ఓపిక లేదని ఎవరనగలరు? లెక్కలు దేనికి పనికొస్తాయో వాడికి ఇంకా ఎవరూ చూపించి ఉండరు.

నా దగ్గరికొచ్చిన ఒకమ్మాయికి కూడికలు తీసివేతలన్నా భయమే. వడ్రంగం నేర్చుకుంటూ బల్లకి సొరుగు చేసింది. 3 మిల్లీమీటర్లు ఎక్కువై లోపలికి పోలేదు. మేస్త్రి చిత్రిక పట్టి సరిచేసి ఇవ్వలేదు. "ఎక్కడ తప్పిందో కాగితం మీద వేసి చూపించు" అని కూర్చున్నాడు. రెండు పక్కల చెక్క మందం సరిగ్గా తీసేయలేదని గంట తర్వాత తనే పట్టుకుంది. ఆ రాత్రే పాత లెక్కల పుస్తకం వెతుక్కుందట.

కానీ అలాంటి మేస్త్రి దొరకాలి. ఇంకో కుర్రాడు ఆరు నెలలు రిపేరు షాపులో టార్చి పట్టుకుని నిలబడ్డాడు, అంతే. నేర్పుతానన్న ప్రతివాడూ నేర్పడు. ఇక నెలకింత కట్టించుకుని ఫోన్లో మాట్లాడే 'మెంటార్ల' సంగతి నన్నడగకండి.

'బడి దండగ' అనే వీడియోల్లో అమెరికా పెట్టుబడిదారు పీటర్ థీల్ ఇచ్చే ఫెలోషిప్ తరచూ కనిపిస్తుంది. 2010లో ప్రకటించారు: కాలేజీ మానేసి సొంత పని మొదలుపెడితే లక్ష డాలర్లు. ఆ ఇచ్చినాయనకి స్టాన్‌ఫర్డ్‌లో రెండు డిగ్రీలున్నాయి. తీసుకున్నవాళ్లలో చాలామంది పెద్ద యూనివర్సిటీల్లో సీటొచ్చాక వదిలేసినవాళ్లు. మీవాడు వదిలేది బడి! ఈ తేడా వీడియోలో చెప్పరు.

విద్యుత్తు మీద పరిశోధనలు చేసిన శాస్త్రవేత్త ఫారడేని కూడా చెబుతారు. నిజమే, 14 ఏళ్లకే బుక్ బైండింగ్ పనిలో చేరాడు. బైండింగుకి వచ్చిన పుస్తకాలే చదివాడు. పేరున్న రసాయన శాస్త్రవేత్త డేవీ ఉపన్యాసాలు విని, రాసుకున్న నోట్సుని తనే బైండు చేసి ఆయనకి పంపాడు. 1813లో ఆయన దగ్గరే సహాయకుడయ్యాడు. గురువు దొరకడమంటే అదీ. అయితే లెక్కలు రాని లోటు చివరిదాకా ఉండిపోయింది. ఫారడే ఆలోచనలకి సమీకరణాలు రాయడానికి మాక్స్‌వెల్ అనే ఇంకో శాస్త్రవేత్త రావాల్సొచ్చింది.

పనితోనే చదువు అనే జర్మనీలో కూడా బడిని తీసేయలేదు. వారంలో మూడు నాలుగు రోజులు కంపెనీలో పని, మిగతా రోజులు వృత్తి బడి, చివర పరీక్ష. పోలిక అడిగారు కాబట్టి ఇది చాలు.

ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఇంత రాశారు, వాడేమన్నాడో ఒక్క ముక్క లేదే? బడి మానతానన్నది వాడా, మీరా? మార్కుల కార్డు చూసి మీరు విసిగిపోయి, ఆ విసుగుకి 'మెంటార్' అని పేరు పెట్టుకున్నట్టుంది.

బడి మాన్పించకండి. వచ్చే సెలవుల్లో ఆరు వారాలు ఎవరి దగ్గరైనా పనికి పంపండి. మొదటి వారం చివర అడగండి: "ఏం పాడుచేశావు? ఆయనేమన్నాడు?" ఏమీ పాడుచేయలేదంటే వాడి చేతికి పనివ్వలేదన్నమాట, ఇంకొకరిని వెతకండి. ఆరు వారాలయ్యాక నాకు మళ్లీ రాయండి. ఈసారి ఉత్తరం వాడినే రాయమనండి.