టెక్ సందేహాలు: స్మార్ట్‌వాచీ ఉండగా పాత పలక వాచీ కొనొచ్చా?

ప్రశ్న: వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. చేతికి స్మార్ట్‌వాచీ ఉంది. ఈమధ్య పాతకాలపు నలుపలకల కీ వాచీల మీద మనసు పడింది. కొనొచ్చా? రోజంతా ల్యాప్‌టాప్ పక్కనే ఉంటే పాడవుతుందా?
- ఓ పాఠకుడు, బెంగళూరు

జవాబు: తప్పకుండా కొనండి. మీ స్మార్ట్‌వాచీ తెర కూడా పలకగానే ఉండి ఉంటుంది, కానీ అది అక్షరాల వరసలు పట్టడం కోసం. పాత వాచీది వేరే లెక్క. ముళ్ళు తిరిగేది గుండ్రంగా కాబట్టి గుండ్రటి డయలే చేయడం సులువు. అయినా పలకగా చేశారంటే అది పూర్తిగా మణికట్టు అందం కోసమే.

1917లో ఫ్రెంచ్ నగల వ్యాపారి లూయీ కార్టియే గీసిన ‘ట్యాంక్’ వాచీనే చూడండి. మొదటి ప్రపంచ యుద్ధంలోని రెనో ట్యాంకును పైనుంచి చూస్తే కనిపించే ఆకారం అది. అటూ ఇటూ ఉన్న నిలువు పట్టీలు ట్యాంకు చక్రాల గొలుసుల్లాంటివి. వాటి చివరలే పొడుగై స్ట్రాప్‌ను పట్టుకుంటాయి కాబట్టి వాచీ, స్ట్రాప్ ఒకే గీతలా సాగిపోతాయి. డయల్ మీద రోమన్ అంకెలు మూలలకు వెళ్ళేకొద్దీ ఏటవాలుగా సాగుతాయి. ఆ సాగదీతలోనే ఉంది సొగసంతా! పైగా పల్చగా ఉండి చొక్కా కఫ్ కిందికి ఇట్టే జారిపోతుంది. 1931లో వచ్చిన ‘రివర్సో’ అనే పలక వాచీ కథకు మన దేశంతో సంబంధం ఉంది. ఇక్కడ పోలో ఆడే బ్రిటిష్ అధికారుల వాచీ అద్దాలు పగలకుండా, కేసునే వెనక్కి తిప్పేసేలా చేశారు.

ల్యాప్‌టాప్ వల్ల టెన్షన్ అక్కర్లేదు, దాని మీద పెట్టకుండా ఉంటే చాలు. ల్యాప్‌టాప్ మూతలో, ఫోన్ స్పీకర్‌లో, ట్యాబ్ కవర్‌లో అయస్కాంతాలుంటాయి. వాటి ప్రభావం తగిలితే లోపల వాచీ వేగాన్ని అదుపు చేసే సన్నటి స్ప్రింగ్ (హెయిర్‌స్ప్రింగ్) చుట్టలు ఒకదానికొకటి అతుక్కుని వాచీ ఫాస్ట్‌గా పోతుంది. ఉన్నట్టుండి రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పోతోందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. మెకానిక్ దగ్గర అయస్కాంత ప్రభావాన్ని తీసేసే డీమాగ్నటైజర్ ఉంటే క్షణాల్లో సరిచేస్తాడు.

అసలు భయపడాల్సింది నీళ్ళకు. గుండ్రటి కేసుకైతే మూతను మర తిప్పి బిగించొచ్చు, పలక కేసుకు అది కుదరదు. నొక్కి మూయడమో మూలల్లో స్క్రూలు పెట్టడమో చేస్తారు. అందుకే బెంగళూరు వానలో బైక్ మీద వెళ్ళేటప్పుడు స్మార్ట్‌వాచీయే పెట్టుకోండి.

కొనేముందు వెనక మూత తీయించి చూడండి. పలక కేసుకు తగ్గట్టు పలకగానే చేసిన మెషీన్ ఉంటే విలువ ఎక్కువ. చిన్న గుండ్రటి మెషీన్ ఉన్నా తప్పులేదు, ధర మాత్రం తగ్గాలి. కేసు అరిగిపోయి డయల్ మాత్రం కొత్తగా మెరుస్తోందంటే మళ్ళీ పెయింట్ వేసి ఉండొచ్చు. అక్షరాల అంచులు అలుక్కుపోయాయేమో భూతద్దంతో చూడండి. అద్దం పగిలినది ఎంత చవకగా వచ్చినా వద్దు, ఆ కొలతకు అద్దం దొరకడం చాలా కష్టం.

తొందర లేకపోతే ముందు జాలహళ్ళిలోని హెచ్‌ఎంటీ మ్యూజియానికి వెళ్ళి రండి. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో మన దేశంలో హెచ్‌ఎంటీ వాచీల తయారీ మొదలైంది ఈ ఊళ్ళోనే. పాత మోడళ్ళు చూస్తే మీ చేతికి ఏ సైజు నప్పుతుందో ఓ అంచనా వస్తుంది.