సమాధానం: కుట్లకు ముందు మత్తు క్రీమ్ రాయొచ్చా?

గడ్డం చిట్లిన బాబుకి మత్తు సూది వేయడానికే నలుగురు పట్టుకోవాల్సి వచ్చిందన్నారు కదండీ, ఇంకోసారి ఇలా అయితే ఇంట్లో ఉన్న ఎమ్లా అనే మత్తు క్రీమ్ మాత్రం పూయకండి. అది తెగని చర్మానికి, అదీ గంట ముందు రాయాల్సింది. తెరిచిన గాయానికి వేరే జెల్ ఉంది: లిడోకెయిన్, అడ్రినలిన్, టెట్రాకెయిన్ కలిపింది. ఎమర్జెన్సీలో చేరగానే అడగండి. దూదిని అందులో తడిపి గాయంలోనే పెట్టి, పైన టేపు అంటిస్తారు. 20 నుంచి 30 నిమిషాలు ఆగాలి. అంచులు తెల్లగా పాలిపోతే మందు పట్టినట్టే. ముఖానికి, తలకి బాగా పనిచేస్తుంది. పెదవి లోపలికి వాడరు. ఇంకా నొప్పంటే సూది తప్పదు గానీ, గాయం అంచు లోపలి నుంచి మెల్లగా ఎక్కిస్తే బాధ తక్కువ. ఆ అరగంట ఫోన్‌లో బొమ్మలు చూపించండి, ఏం పర్లేదు!