సమాధానం: ఫార్వర్డ్ మెయిల్ లోపలి మెయిల్ దగ్గర స్క్రిప్టు ఆగిపోవడం

మీరు పెర్ల్ భాషలో మెయిల్‌ను భాగాలుగా విడదీసే మాడ్యూల్ మైమ్::పార్సర్‌తో మెయిల్ విప్పుతున్నారు, అటాచ్‌మెంట్‌గా మరో మెయిల్ ఉన్నప్పుడు బాడీహ్యాండిల్ (భాగంలోని విషయాన్ని అందించేది) అన్‌డెఫ్ (విలువ లేదు) అని ఎర్రర్ వస్తోంది. అది బగ్ కాదు. మెసేజ్/ఆర్‌ఎఫ్‌సి822 రకం భాగానికి, అంటే లోపల మరో మెయిల్‌ను మోసే భాగానికి, సొంత బాడీ ఉండదు. ఎక్స్‌ట్రాక్ట్_నెస్టెడ్_మెసేజెస్ అనే పార్సర్ సెట్టింగ్ డిఫాల్ట్ విలువ 1 కాబట్టి లోపలి మెయిల్ దాని ఏకైక పార్ట్‌గా చేరుతుంది.

అందుకే ముందు పార్ట్స్ ఉన్నాయేమో చూడండి. ఉంటే ఒక్కోదానికీ అదే ఫంక్షన్‌ను మళ్లీ పిలవండి, లేకపోతేనే బాడీహ్యాండిల్ జోలికి వెళ్లండి. మల్టీపార్ట్ (పలు భాగాలున్న మెయిల్) కూడా ఇదే దారిలో వస్తుంది, దానికి వేరే కోడ్ అక్కర్లేదు.

లోపలి సబ్జెక్ట్ కావాలంటే పార్ట్స్(0) హెడ్ నుంచి గెట్ చేయండి. చివర కొత్త లైను అంటుకుని వస్తుంది, చాంప్‌తో దాన్ని తీసేయాలి. తెలుగు సబ్జెక్టులైతే ఎన్‌కోడ్ మాడ్యూల్‌లోని డీకోడ్‌కు 'మైమ్-హెడర్' ఇవ్వకపోతే గజిబిజి అక్షరాలే మిగులుతాయి.

పైన చెప్పిన సెట్టింగ్‌కు 1 బదులు రీప్లేస్ పెట్టమని కొందరు చెబుతారు. నేనైతే వద్దంటాను: బయటి పెట్టె (లోపలి మెయిల్‌ను మోసే భాగం) హెడర్లు పోతాయి. లోపలి మెయిల్‌ను విప్పకుండా మామూలు టెక్స్ట్‌లా ఉంచాలంటే అదే సెట్టింగ్‌కు 0 ఇవ్వండి.

పని అయ్యాక ఫైలర్ పర్జ్ (పార్సర్ రాసిన ఫైళ్లను తుడిచేసేది) పిలవడం మరవకండి, లేదంటే తాత్కాలిక ఫైళ్లు డిస్కులో పేరుకుపోతాయి.